డిలన్ అంటే "సముద్ర పుత్రుడు" కాదండీ

మా చెల్లి వాళ్ళు వేల్స్‌లో బాంగర్‌లో ఉంటారు, పుట్టబోయే బాబుకి డిలన్ అని పెడదామనుకుంటున్నారు. అలా అన్నారో లేదో ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ దిగింది: డిలన్ అంటే వేల్స్ భాష వెల్ష్‌లో సముద్ర పుత్రుడు, వాళ్ళ సముద్ర దేవుడు, మనుషులకి పెట్టడం గాయకుడు బాబ్ డిలన్‌తోనే మొదలైంది, పలకాల్సింది కూడా డిలన్ అనే. బేబీ నేమ్స్ పోస్టుల్లో కూడా ఇదే తిరుగుతోంది కాబట్టి రాస్తున్నా.

ముందు అర్థం. వెల్ష్‌లో కొడుకంటే మాబ్, సముద్రం అంటే మోర్, మరి డిలన్‌లో ఈ రెండూ ఎక్కడున్నాయి? ఎక్కువగా చెప్పే వివరణ ప్రకారం అందులో ఉన్నది సముద్రపు పోటుకి వాడే మాట. ఇంక పుత్రుడు ఎక్కణ్ణుంచి వచ్చాడంటే, మాబినోగి అనే పాత వెల్ష్ కథల్లో ఈ పేరున్న ఒక పిల్లాడిని డిలన్ ఐల్ టోన్ అంటారు, టోన్ అంటే అల, ఆ ఐల్ టోన్‌ని "అల కొడుకు" అని చెప్తుంటారు. అది బిరుదు. దాని అర్థం పట్టుకొచ్చి పేరుకి అంటించేశారు.

దేవుడని కథలో ఎక్కడా లేదు. బాప్టిజం ఇచ్చి పేరు పెట్టీ పెట్టగానే వాడు తిన్నగా సముద్రంలోకి వెళ్ళిపోయి చేపలా ఈదేస్తాడు, వాడి కింద ఒక్క అల కూడా విరగలేదంట, చివరికి సొంత మేనమామ గొవాన్నొన్ దెబ్బకి చచ్చిపోతాడు. కొన్ని వాక్యాల్లోనే అయిపోతుంది, చదివినప్పుడల్లా నాకు మనసు అదోలా అవుతుంది.

బాబ్ డిలన్ సంగతి సింపుల్. ఆయన చట్టప్రకారం పేరు మార్చుకున్నది 1962లో, కవి డిలన్ థామస్ వేల్స్‌లోని స్వాన్సీలో పుట్టింది 1914లో, ఇంగ్లీష్ టీచరైన నాన్న ఆ పాత కథలోంచే పేరు తీసి పెట్టాడు. కథ రాతప్రతులైతే 14వ శతాబ్దానివి. పాటల వల్ల ప్రపంచమంతా పాకిందంటే ఒప్పుకుంటా.

పలకడం దగ్గరే అసలు తప్పుంది. వెల్ష్‌లో అది డలన్‌కి దగ్గరగా ఉంటుంది, మొదటి అచ్చు "అబౌట్"లో అ లాగా పొట్టిగా పలుకుతారు. థామస్ వాళ్ళమ్మ పిల్లలు "డల్ వన్" (మొద్దు) అని ఏడిపిస్తారని భయపడిందట, డిలన్ అనే పలుకుబడి అయితే ఆ భయమే రాదు కదా. తర్వాత ఆయనే ఇంగ్లీష్ పద్ధతిలో డిలన్ అనమనేవాడు, అందుకే రెండూ వాడకంలో ఉన్నాయి. మొన్న చెల్లి కాల్‌లో ఉండగా పక్కింటి పెద్దావిడ వచ్చింది, పేరు చెప్తే "డలన్, డలన్" అని రెండుసార్లు మెల్లగా అంది. ఇప్పుడు చెల్లి కూడా అలాగే అంటోంది.