వద్దంటూనే రాసివ్వడమా?

యాంటీబయాటిక్‌ అవసరం లేదని నోటితో చెబుతూ, అదే మందును చేత్తో రాసివ్వడం ఏం వైద్యం? జలుబు, దగ్గు, గొంతునొప్పి, చెవిపోటుతో వచ్చినవారికి ‘ఇప్పుడే వాడకండి, తగ్గకపోతే వాడండి’ అంటూ చీటీ చేతిలో పెట్టడం జనరల్‌ ప్రాక్టీసులో ఒక పద్ధతి. వాయిదా ప్రిస్క్రిప్షన్‌ అని దానికి పేరు. ఆ పద్ధతిపై మాకు అభ్యంతరం లేదు. ఆ పేరు చాటున సాగే తూతూమంత్రంతోనే పేచీ.

సక్రమంగా వాడితే వాయిదా చీటీ పనిచేస్తుంది. శ్వాసకోశ ఇన్ఫెక్షన్లపై వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్‌ సంస్థ 2017 నాటి సమీక్ష ప్రకారం, వెంటనే రాసిస్తే 93 శాతం మంది యాంటీబయాటిక్‌ వాడారు. వాయిదా వేస్తే 31 శాతమే. ఈ రెండు అంకెలూ అందరూ చెబుతారు. మూడోదాన్ని మింగేస్తారు: అసలు రాయకుండా పంపితే వాడింది 14 శాతమే. అంటే అవసరం లేదని డాక్టరుకు నమ్మకం కుదిరినచోట కూడా ‘ఎందుకైనా మంచిది’ అని చీటీ ఇస్తే వాడకం రెట్టింపు దాటుతుందన్నమాట. వద్దంటూనే రాసివ్వడానికి చెల్లించే మూల్యం ఇది.

అలాంటిచోట జబ్బు ఎన్నాళ్లుంటుందో, ఎప్పుడు తిరిగి రావాలో చెబితే చాలు. చెవిపోటు సాధారణంగా 3 రోజులు, ఒక్కోసారి వారం. గొంతునొప్పి వారం. జలుబు పది రోజుల పైమాటే. సైనసైటిస్‌ (ముక్కు చుట్టూ ఉండే గాలి గదుల వాపు) రెండున్నర వారాలు, దగ్గు మూడు వారాలు లాగుతాయి. ఈ లెక్క తెలియని రోగి నాలుగో రోజుకే కఫం పచ్చబడిందని హడలిపోయి మాత్ర మొదలుపెడతాడు. పచ్చ కఫం బ్యాక్టీరియాకు రుజువు కాదని అతనికి చెప్పిందెవరు? గొంతునొప్పిలో యాంటీబయాటిక్‌తో సగటున కలిసొచ్చేది 16 గంటలేనని చెప్పిందెవరు?

చీటీ రాయాల్సిందే అనుకుంటే దాని మీద రెండు తేదీలుండాలి: ఏ తేదీకి ముందు మందు ఇవ్వకూడదో ఒకటి, ఏ తేదీ దాటితే చెల్లదో మరొకటి. ‘మూడు రోజులు చూడండి’ అని వదిలేస్తే, నొప్పి మొదలైన రోజు నుంచా, డాక్టరును కలిసిన రోజు నుంచా? రోగి తనకు అనుకూలమైన లెక్కే వేసుకుని ఆ సాయంత్రమే మందు కొంటాడు. గడువు లేని చీటీ సొరుగులో చేరి, కొన్నాళ్లకు మరో జ్వరానికి, మరో మనిషికి అక్కరకొస్తుంది. చీటీని క్లినిక్‌లోనే ఉంచి, కావాల్సివస్తే వచ్చి తీసుకెళ్లమనడం ఇంకా మెరుగు. ఈలోగా నొప్పికి, జ్వరానికి పారాసిటమాల్‌ ఎంత మోతాదులో, ఎన్ని గంటలకోసారి వేసుకోవాలో కూడా రాయాలి. నొప్పి తగ్గించకుండా ఓపిక పట్టమంటే ఎవరు పడతారు?

అన్నిటికన్నా ప్రమాదకరమైంది ‘ఎక్కువైతే వేసుకోండి’ అన్న మాట. తగ్గకపోవడం వేరు, ముదరడం వేరు. ఊపిరాడకపోవడం, ఉమ్మి కూడా మింగలేకపోవడం, నోరు తెరుచుకోకపోవడం, మెడ బిగుసుకోవడం, చెవి వెనక వాపు, మాటల్లో తికమక... వీటిలో ఏది కనిపించినా వెంటనే మళ్లీ పరీక్ష జరగాలి. టాన్సిల్‌ పక్కన చీము గడ్డ కట్టినవాడు చీటీని నమ్ముకుని మాత్రలు మింగుతూ ఇంట్లో కూర్చుంటే ఆ బాధ్యత ఎవరిది? మూడు నెలల్లోపు పసిపాపకు జ్వరమొచ్చినా, న్యుమోనియా అనుమానమున్నా, రోగనిరోధక శక్తి సన్నగిల్లినా వాయిదా మాటే ఎత్తకూడదు. గొంతు ఇన్ఫెక్షన్‌ తర్వాత వచ్చి గుండెను దెబ్బతీసే రుమాటిక్‌ జ్వరం ముప్పున్నవారికి స్ట్రెప్టోకోకస్‌ బ్యాక్టీరియాతో గొంతునొప్పి వచ్చినప్పుడూ అంతే.

రోగులు పట్టుబడతారని, సమయం చాలదని డాక్టర్లు అంటారు. ఉండొచ్చు. రెండు తేదీలు, నాలుగు ప్రమాద లక్షణాలు రాయడానికి ఎంత సమయం కావాలి? మందులకు లొంగని బ్యాక్టీరియా 2019లో నేరుగా 12.7 లక్షల మందిని బలిగొందన్న అంచనాను సభల్లో వల్లెవేసేదీ వైద్యలోకమే, గదిలోకి వచ్చి వద్దంటూనే రాసిచ్చేదీ వైద్యలోకమే. మందు కొన్నారో లేదో ఆరా తీయకుండా రికార్డులో ‘వాయిదా’ అని రాసుకుంటే వాడకం తగ్గించినట్టా?

తేదీ వేయని, గడువు పెట్టని, హెచ్చరిక రాయని చీటీని వాయిదా చీటీ అనకండి. వెంటనే ఇచ్చిన మందుగానే లెక్కలో చూపండి. కింద సంతకం పెట్టి, నిర్ణయం మాత్రం జ్వరంతో ఉన్న మనిషి మీదకు నెట్టేసి, సంయమనం పాటించామని చెప్పుకోవడం ఇకనైనా మానండి.