నాలుగు గంటల హాల్‌స్టాట్: ఆ ఊరికి మనం మిగిల్చేదేమిటి?

హాల్‌స్టాట్ స్టేషన్‌లో రైలు దిగగానే ఊరు కనిపిస్తుంది, కానీ నడిచి చేరుకోలేం. మధ్యలో సరస్సు అడ్డం. 1877లో ఆస్ట్రియాలోని ఈ లోయలోకి రైలు వచ్చినప్పుడు పట్టాలు తూర్పు ఒడ్డున పడ్డాయి. ఊరేమో పడమటి ఒడ్డున, కొండకీ నీటికీ మధ్య ఇరుక్కుని ఉంది. అందుకే ఇప్పటికీ రైలు దిగినవాళ్ల కోసం ఒక చిన్న పడవ కాచుకుని ఉంటుంది. పది నిమిషాల్లో దాటిస్తుంది. దగ్గరికి వెళ్తున్నకొద్దీ సూదిమొనలాంటి చర్చి శిఖరం, ఒకదాని భుజమ్మీద ఒకటి ఎక్కినట్టున్న ఇళ్లు, వెనక నిటారుగా కొండ. పడవలో ఉన్నవాళ్లంతా ఒకే వైపుకు వచ్చి ఫోన్లు పైకెత్తారు. నేనూ ఎత్తాను.

మా మేనల్లుడు మ్యూనిక్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. వాడి స్నేహితుల్లో ఈ ట్రిప్ చేయనివాళ్లు తక్కువ. జర్మనీలో అందరి దగ్గరా ఉండే నెలవారీ టికెట్ సరిహద్దు దాటి సాల్జ్‌బర్గ్ స్టేషన్ దాకా చెల్లుతుంది. అక్కణ్నుంచి బాడ్ ఇష్ల్‌కు బస్సు, మళ్లీ రైలు, ఆ తర్వాత పడవ. తెల్లవారుజామున బయల్దేరితే పదకొండింటికల్లా ఊళ్లో ఉంటాం. తిరుగు ప్రయాణం లెక్క వేసుకుంటే చేతిలో మిగిలేది నాలుగు గంటలు. రానూపోనూ పది గంటలు, ఉండేది నాలుగు.

ఆ నాలుగు గంటల్లో మేమిద్దరం ఊరికి ఇచ్చిందేమిటో తిరుగు రైల్లో లెక్క వేశాను. పడవ టికెట్లు. పాత పుర్రెలు పేర్చి ఉంచిన ఎముకల గదికి ప్రవేశ రుసుము. మరుగుదొడ్డికి చిల్లర. రెండు కాఫీలు, ఒక ఫ్రిజ్ మాగ్నెట్. తిండి ఖర్చు లేదు, వాడు రాత్రే కలిపి పెట్టిన పులిహోర సరస్సు గట్టున కూర్చుని తిన్నాం. నీటి మీద కొండ నీడ, చేతిలో పులిహోర. అంత రుచిగా ఎప్పుడూ తినలేదన్న మాట నిజమే. ఖాళీ పొట్లాలు మాత్రం ఆ ఊరి చెత్తబుట్టలోనే వేసి వచ్చామన్నదీ నిజమే.

హాల్‌స్టాట్‌లో నివసించేది దాదాపు 750 మంది. వేసవి రద్దీ రోజుల్లో వచ్చేవాళ్లు 10,000 దాకా ఉంటారు. మన దగ్గర జాతరప్పుడు ఒక పల్లెకు ఇంతకంటే ఎక్కువ మందే రావచ్చు. కానీ జాతర మూడు రోజుల్లో అయిపోతుంది, పైగా అది ఆ ఊరివాళ్ల పండగే. ఇక్కడ జాతర వేసవంతా రోజూ జరుగుతుంది, ఊరివాళ్లకు అందులో పాత్ర లేదు. ఇళ్ల గుమ్మాల దగ్గర నిశ్శబ్దంగా ఉండమనీ, డ్రోన్లు ఎగరేయొద్దనీ బోర్డులు కనిపిస్తాయి. సందులు ఎంత ఇరుకంటే, ఎవరింటి కిటికీ పక్కనుంచి నడిచినా లోపలి వంట వాసన తెలుస్తుంది.

2023 మే నెలలో ఊరివాళ్లు ఒక పని చేశారు. అందరూ సెల్ఫీలు దిగే చోట, కొండలూ సరస్సూ కనబడకుండా చెక్క కంచె కట్టారు. సోషల్ మీడియాలో గోల కావడంతో కొద్ది రోజుల్లోనే తీసేశారు. ఆ ఆగస్టులో వందమంది దాకా స్థానికులు ఊరి పక్కనున్న సొరంగ మార్గంలో కాసేపు రాకపోకలు ఆపి నిరసన తెలిపారు. రోజుకు ఇంతమందేనని పరిమితి పెట్టాలి, సాయంత్రం 5 దాటితే టూరిస్టు బస్సులు ఉండకూడదు అన్నవి వాళ్ల కోరికలు. ఈ రెండో కోరిక నాకు ఆసక్తిగా అనిపించింది. పగలంతా మీరే ఉంచుకోండి, సాయంత్రం మాత్రం మాకు వదిలేయండి అని అడుగుతున్నారు. సొంత ఊళ్లో ఉంటూ ఇంత చిన్న కోరిక కోరుకోవాల్సి రావడం విచిత్రమే.

దీని గురించి రాసేవాళ్లు చాలామంది ఒక కథ చెబుతారు: లోకానికి తెలియని ప్రశాంతమైన పల్లె, ఫోన్లూ విమానాలూ వచ్చి చెడగొట్టాయి అని. ఆ కథ నేను నమ్మను. హాల్‌స్టాట్ ఎన్నడూ ఏమీ తెలియని పల్లె కాదు. వెనకున్న కొండలో 7,000 ఏళ్లుగా ఉప్పు తీస్తున్నారు. 1846లో యోహాన్ గియోర్గ్ రామ్‌సావర్ అనే గని అధికారికి కొండమీద ఒక పురాతన శ్మశానం దొరికింది. 1863 దాకా తవ్వుతూ 980 సమాధులు బయటపెట్టాడు. వాటిలో ఎక్కడో ఉత్తరాన ఉన్న బాల్టిక్ సముద్ర తీరం నుంచి వచ్చిన ఆంబర్, అంటే రాయిలా గట్టిపడిన చెట్టు జిగురు ఉంది, కత్తి పిడులకు పొదిగిన ఏనుగు దంతం ఉంది. ఆల్ప్స్ కొండల్లోకి ఏనుగు దంతం ఎలా వచ్చింది? ఉప్పు కొనడానికి లోకమంతా వచ్చింది కాబట్టి. ఐరోపా చరిత్రలో క్రీస్తుపూర్వం 800 నుంచి 450 దాకా ఉన్న కాలానికి ఈ ఊరి పేరే పెట్టుకున్నారు. గనిలో దొరికిన చెక్క మెట్ల దారి క్రీస్తుపూర్వం 14వ శతాబ్దిది. ఉప్పులో ఊరి అది ఇప్పటికీ పాడవలేదు.

అంతెందుకు, పరిశ్రమల చరిత్ర రాస్తే ఈ ఊరికి మొదటి పేజీల్లోనే చోటివ్వాలి. 1595లో మొదలుపెట్టి 1607 నాటికి ఇక్కణ్నుంచి ఎబెన్‌జే అనే ఊరి దాకా 40 కిలోమీటర్ల గొట్టం వేశారు. 13,000 చెట్ల మానులను తొలిచి, ఒకదానికొకటి బిగించి, ఉప్పునీటిని కిందికి పారించారు. కారణం మామూలుదే. ఉప్పునీటిని మరగబెట్టడానికి చుట్టుపక్కల అడవి చాలలేదు, అందుకని కట్టెలున్న చోటికి నీటినే పంపారు. అంటే ఈ ఊరు నాలుగు వందల ఏళ్ల కిందటే తన కొండలు ఎంత మోయగలవో లెక్క చూసుకుంది. మనం ఫొటోలు తీసే ఆ అందమైన మార్కెట్ కూడలి కూడా 1750 అగ్నిప్రమాదంలో ఊరి నడిబొడ్డు కాలిపోయాక కట్టుకున్నదే. చెక్కుచెదరని ప్రాచీనత అనుకుంటాం గానీ, ఎదురుదెబ్బ తిన్నప్పుడల్లా మళ్లీ కట్టుకున్న ఊరిది.

కాబట్టి బయటివాళ్లు రావడం ఆ ఊరికి కొత్త కాదు. కొత్తదేమిటంటే, వచ్చి ఏమీ కొనకుండా, ఎవరితోనూ మాట్లాడకుండా, కళ్లతో తీసుకోగలిగింది తీసుకుని వెళ్లిపోవడం. ఉప్పు బేరగాడికి ఊరివాడితో పని పడేది. నాకు ఎవరితోనూ పని పడలేదు.

చైనా సంగతి ఇక్కడ చెప్పాలి. గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో ఒక గనుల సంస్థ హాల్‌స్టాట్‌కు నకలు కట్టి 2012లో తెరిచింది. చర్చి, కూడలి అన్నీ అచ్చం అలాగే. తమకు చెప్పకుండా కొలతలు తీసుకున్నారని ఊరివాళ్లు మొదట్లో నొచ్చుకున్నారు. తర్వాత సర్దుకున్నారు, ప్రారంభానికి మేయరు కూడా వెళ్లాడు. నకలు ఉంటే అసలు మీద ఒత్తిడి తగ్గుతుందని ఎవరైనా అనుకుని ఉంటే పొరబడ్డారు. చైనా నుంచి వచ్చేవాళ్లు పెరిగారు. బొమ్మ చూసినవాడికి అసలు చూడాలనిపిస్తుంది. మా మేనల్లుడి ఫోన్లో ఆ ఊరి ఫొటోలు వెళ్లకముందే వంద ఉన్నాయి, అయినా వెళ్లాం.

మరి ఏం చేయాలి? 2020లో టూరిస్టు బస్సులకు ముందే స్లాట్ తీసుకోవాలన్న పద్ధతి పెట్టారు. స్లాట్ అన్న మాట మనకు తిరుమల ఎప్పుడో నేర్పింది కాబట్టి అర్థం చేసుకోవడం కష్టం కాదు. వెనిస్ అయితే 2024 నుంచి ఎంపిక చేసిన రోజుల్లో పగటిపూట వచ్చి పోయేవాళ్ల దగ్గర 5 యూరోలు తీసుకోవడం మొదలుపెట్టింది. వేల యూరోలు ఖర్చుపెట్టి ఐరోపా తిరిగేవాణ్ని 5 యూరోలు ఆపవు. జీతం రాని విద్యార్థి మాత్రం ఒక్క క్షణం ఆలోచిస్తాడు. అంటే ఆ రుసుము ఆపేది అందరికంటే తక్కువ ఉన్నవాణ్నే.

నా దృష్టిలో లెక్కలోనే తిరకాసు ఉంది. ఆస్ట్రియాలో హోటల్లో రాత్రి బస చేసేవాళ్లు ప్రతి రాత్రికీ స్థానిక పన్ను కడతారు. పొద్దున వచ్చి సాయంత్రం పోయేవాళ్లకు అది లేదు. ఊళ్లో గది తీసుకుని, హోటల్లో తిని, పొద్దున్నే బేకరీలో రొట్టె కొనేవాడు పన్ను కూడా కడతాడు. పులిహోర తెచ్చుకున్న నేను కట్టను. ఊరి వీధిని ఇద్దరం ఒకేలా వాడుకుంటాం, నిజానికి నేనే ఎక్కువ తొక్కుతాను, ఎందుకంటే నాకు టైమ్ తక్కువ. పరిమితి తలల మీద కాకుండా గంటల మీద పెట్టాలి. తక్కువ సేపు ఉండేవాడి దగ్గర ఎక్కువ తీసుకుని, ఉండిపోయేవాడికి తగ్గించాలి. బస్సును లోపలికి రానిచ్చేది కూడా ఆ బృందం సగం రోజైనా అక్కడ గడిపితేనే అనాలి. దీనికి బేరాలు పోతాయని కొందరు దుకాణదారులు ఒప్పుకోకపోవచ్చు. మాగ్నెట్లు అమ్ముకునేవాడికి నాలాంటివాడే కావాలి మరి.

చోటును కాలంతో కొలవడం ఆ ఊరికి చేతకానిదేమీ కాదు. చర్చి పక్కన సెయింట్ మైఖేల్ చాపెల్ కింద ఎముకల గది చూస్తే అది తెలుస్తుంది. కొండవాలులో శ్మశానానికి జాగా లేక, కొన్నేళ్లకు పాత సమాధి తవ్వి కొత్తవాళ్లకు ఇచ్చేవారు. బయటికి తీసిన పుర్రెను ఎండలో తెల్లబడేదాకా ఉంచి, నుదుటి మీద పేరు రాసి, గులాబీలో ఐవీ తీగలో గీసి, ఈ గదిలో వరసగా పేర్చేవారు. సుమారు 1,200 పుర్రెలున్నాయి, వాటిలో 600కు పైగా రంగులు వేసినవి. చివరిది 1995లో చేరింది, బంగారు పన్నుతో. చనిపోయిన సొంతవాళ్లకే గడువు పెట్టి, గడువు తీరాక కూడా పేరు చెరపకుండా పక్కకు జరిపిన ఊరిది. మేం అక్కడ నిలబడింది మూడు నిమిషాలు. వెనక లైన్ ఉంది.

ఉప్పు గని చూడలేదు. పైకెళ్లి, గని తిరిగి, కిందికి రావడానికే మూడు గంటలు పడుతుందన్నారు. అంటే 7,000 ఏళ్లుగా ఆ ఊరు ఎందుకుందో అదొక్కటే చూడకుండా పడవెక్కేశాం. ఊరు వెనక్కి జరుగుతుంటే మళ్లీ అందరూ ఒకే వైపుకు వచ్చారు. మా మేనల్లుడు ఫొటో తీసి, ఎవరూ వినకూడదన్నట్టు నా చెవిలో అన్నాడు:

"ఈసారి జనవరిలో వద్దాం మామయ్యా, అప్పుడు జనం ఎవరూ ఉండరట."

మా వెనక సీట్లో కూర్చున్న ఇద్దరు కుర్రాళ్లు కూడా తెలుగువాళ్లే. వాళ్లూ అదే అనుకుంటున్నారు, కాస్త గట్టిగానే.