తవ్వకానికి ఇంటివాళ్లనూ పిలవాలి

శరీరానికో మనసుకో గాయమైన బ్రిటన్ సైనికులు కోలుకునేందుకు వాళ్లను పురావస్తు తవ్వకాలకు తీసుకెళ్లే ‘ఆపరేషన్ నైటింగేల్’ గురించి మీరు రాసినందుకు కృతజ్ఞతలు. 2011లో మొదలైన ఈ పనిలో నన్ను బాగా కదిలించింది ఇంగ్లండ్‌లోని సాలిస్‌బరీ మైదానంలో ఉన్న బారో క్లంప్ అనే చోటు. అక్కడి పాత సమాధి దిబ్బలో బ్యాడ్జర్లనే జంతువులు బొరియలు చేస్తుంటే మనిషి ఎముకలు బయటపడ్డాయి. అఫ్గానిస్తాన్ యుద్ధం చూసొచ్చిన సైనికులు మోకాళ్ల మీద కూర్చుని, 6వ శతాబ్దపు ఆంగ్లో-శాక్సన్ (అప్పట్లో ఇంగ్లండ్‌లో స్థిరపడిన జాతి) సమాధులను చిన్న తాపీలతో మెల్లగా తెరిచారు. కొన్నింటిలో డాలు, బల్లెంతో పాతిపెట్టిన మనుషులున్నారు. వాళ్లూ ఈ సైనికుల్లాంటి వాళ్లే కదా!

మా నాన్న మిలటరీలో చేశారు. సెలవుకొచ్చినా రాత్రుళ్లు నిద్రపోయేవారు కాదు. ఆ టెన్షన్ అమ్మకూ మాకూ అంటుకునేది. ఎవరూ ఏమీ అడగకుండా, పక్కపక్కనే కూర్చుని మట్టి తీసే పని ఉండుంటే ఆయన మాతో నాలుగు మాటలు మాట్లాడేవారేమో. అందుకే ఇలాంటి చోటికి భార్యాపిల్లలనూ పిలవాలని గట్టిగా కోరుకుంటున్నాను.