హాంకాంగ్‌లో కెనడా దళం: ప్రచారంలో ఉన్న కథ, అసలు సంగతి

"1941లో బ్రిటన్ హుకుం జారీచేసి తుపాకీ పట్టడం రాని 2,000 మంది కెనడా కుర్రాళ్ళను హాంకాంగ్‌కు తోలింది. వాళ్ళ లారీల ఓడ మునిగింది. వెంట వచ్చిన ఇద్దరు నర్సులనూ జపాన్ సైన్యం చంపేసింది." చాలామంది పంచుకుంటున్న ఈ కథలో నిజం పాలు తక్కువ.

హుకుం ఏమీ లేదు. 1941 జనవరిలో, అప్పటి బ్రిటిష్ వలస హాంకాంగ్‌కు అదనపు బలగాలు దండగ అన్నది బ్రిటన్ ప్రధాని చర్చిలే. అంతకుముందు హాంకాంగ్‌లో బ్రిటిష్ సేనలకు అధిపతిగా చేసిన, కెనడాలో పుట్టిన మేజర్ జనరల్ గ్రాసెట్ సలహాతో లండన్ ఆలోచన మారింది. సెప్టెంబర్‌లో అడిగితే ఒట్టావా (కెనడా ప్రభుత్వం) ఒప్పుకుంది.

నవంబర్ 16న అవాటియా, ప్రిన్స్ రాబర్ట్ ఓడల్లో దిగినవారు నర్సులతో కలిపి 1,975 మంది. వాళ్ళవి రెండు బెటాలియన్లు: రాయల్ రైఫిల్స్ అంతకుముందు న్యూఫౌండ్‌లాండ్‌లో, విన్నిపెగ్ గ్రెనేడియర్స్ జమైకాలో కాపలా కాశారు. ఖాళీలు నింపడానికి చివర్లో చేర్చుకున్నవారిలో సుమారు 120 మందికి 16 వారాల శిక్షణ పూర్తి కాలేదు. అయితే అసలు లోపం అది కాదు. పెద్ద దళంగా కలిసి పోరాడే సాధన రెండు బెటాలియన్లకూ కరువే. దిగిన 22 రోజులకే, డిసెంబర్ 8న, జపాన్ దాడి మొదలైంది.

ఇక లారీలు. బ్రెన్ క్యారియర్లతో (గొలుసు పట్టాల మీద నడిచే చిన్న కవచ వాహనాలు) సహా 212 వాహనాలు డాన్ జోస్ అనే సరుకు ఓడలో వెనక బయల్దేరాయి. అది మునగలేదు, యుద్ధం మొదలయ్యాక మనీలా చేరింది. సరుకు అమెరికన్లకు దక్కింది. అవాటియాలో కొన్ని వాహనాలకు చోటున్నా అవి రేవుకు వేళకు అందలేదు. ఇది జపాన్ చేసింది కాదు, కాగితాల మీద జరిగిన జాప్యం. దాని ఫలితం కొండల మీద తెలిసింది: మందుగుండు, తిండి చాలాచోట్ల భుజాల మీదే మోయాలి. హాంకాంగ్ ద్వీపం నడుమ ఉన్న వాంగ్ నై చోంగ్ కనుమ లాంటి చోట, శత్రువు అటునుంచి ఇటు దూకుతుంటే, దళాన్ని వేగంగా జరపడం ఎలా? కెనడా దళాధిపతి బ్రిగేడియర్ లాసన్ డిసెంబర్ 19న అక్కడే చనిపోయాడు. అంతకుముందు రాత్రి ద్వీపం ఈశాన్య తీరాన దిగిన జపాన్ దళాల తొలి దెబ్బ కాచింది మాత్రం బ్రిటిష్ ఇండియా సైన్యంలోని మన 5/7 రాజ్‌పుత్ బెటాలియన్.

నర్సుల సంగతి పూర్తిగా తప్పు. క్రిస్మస్ నాడు సెయింట్ స్టీఫెన్స్ కాలేజీ ఆసుపత్రిలో గాయపడ్డ సైనికులను, నర్సులను చంపిన మాట నిజం, బహుశా గందరగోళం అక్కడ పుట్టింది. కెనడా నర్సులు ఉన్నది బోవెన్ రోడ్ సైనిక ఆసుపత్రిలో. 1942లో వాళ్ళను పౌరులను నిర్బంధించిన స్టాన్లీ శిబిరానికి మార్చారు. 1943లో పోర్చుగీసు గోవాలోని మార్మగోవా రేవులో ఖైదీల మార్పిడి జరిగింది. ఇద్దరూ అక్కడ గ్రిప్స్‌హోమ్ ఓడెక్కి ఇల్లు చేరారు.