సవరణ: ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’ కంటే ముందే ‘బుల్లిట్’

పోలీసు నేర చిత్రాల్లో కారు ఛేజ్‌లకు ఒరవడి పెట్టింది 1971 నాటి ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’ అని కిందటి వ్యాసంలో రాశాను, అది పొరపాటు. శాన్‌ఫ్రాన్సిస్కో ఎత్తుపల్లాల వీధుల్లో కార్లు గాలిలోకి లేచి పడే ‘బుల్లిట్’ 1968లోనే వచ్చింది, పైగా రెండింటికీ నిర్మాత ఫిలిప్ డాంటోనీయే. ‘ది ఫ్రెంచ్ కనెక్షన్’ దర్శకుడు ఫ్రీడ్‌కిన్ చేసిన కొత్త పని వేరు: బ్రూక్లిన్‌లో పైన వంతెన మీద పోతున్న రైలును కింద రోడ్డు మీద కారుతో తరిమించి, వేగం కన్నా డిటెక్టివ్ మొండితనాన్ని, అడ్డొచ్చే జనమంటే అతనికున్న లెక్కలేనితనాన్ని ముందుకు తెచ్చాడు. తర్వాతి చిత్రాలు ఆ వేగాన్ని తేలిగ్గానే అందుకున్నాయి గానీ, కథానాయకుణ్ణి అంత అప్రియంగా చూపే తెగువ చాలావాటికి లేకపోయింది. ఆ చిత్రం పాతబడలేదన్న నా అభిప్రాయంలో మాత్రం మార్పు లేదు. డిటెక్టివ్ నోట వచ్చే జాతి దూషణలు ఇప్పుడు మరింత కటువుగా వినిపిస్తాయి, అంతే.