82వ నిమిషం సరే, 83వ నిమిషం సంగతేంటి?

మొన్నీమధ్య ఆదివారం మా కాలనీ పిల్లలు అండర్-13 ఫుట్‌బాల్ మ్యాచ్ ఒకటి 3-2తో ఓడిపోయారు. నేను వాళ్ల కోచ్‌ని కాను. బంతుల సంచి మోస్తాను, బూట్ల లేసులు కడతాను, కోచ్ రాని రోజు ఈల నేనే ఊదుతాను. అంతవరకే. మ్యాచ్ అయ్యాక పెద్దవాళ్లంతా చప్పట్లు కొట్టారు. ఎవరో ఐస్‌క్రీం బండిని గేటు లోపలికే పిలిపించారు. "ఓడితే ఏంది, సూపర్ ఆడిండ్రు రా" అని అందరి వీపులూ తట్టారు. మా గోలీ (గోల్‌కీపర్) బుడ్డోడు మాత్రం గ్లవ్స్ కూడా తీయకుండా ఓ మూల కూర్చున్నాడు. పుల్ల ఐస్ మోచేతి దాకా కారుతోంది. వాడు నన్ను అడిగిన మాట ఇది: "మంచిగనే ఆడినం గద అన్నా. మల్ల ఆఖరి గోల్ ఎట్ల వడ్డది?"

అంతకు నిమిషం ముందే మావాళ్లు స్కోర్ సమం చేసి, ఒకరి మీద ఒకరు పడి దొర్లుతున్నారు. వాడి ప్రశ్నకు జవాబు చెప్పకుండా నేనూ వీపు తట్టి వచ్చేశాను. అప్పట్నుంచీ లోపల గెలుకుతూనే ఉంది. ఎందుకంటే ఇదే సినిమా నేను ముందే ఒకసారి చూశాను.

2017 అక్టోబర్ 9. ఢిల్లీ జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియం. అండర్-17 ఫుట్‌బాల్ ప్రపంచకప్‌లో ఇండియా, కొలంబియా. ఆతిథ్య దేశం కాబట్టి నేరుగా చోటు దొరికిన జట్టు మనది. మూడు రోజుల ముందే అమెరికా చేతిలో 3-0తో ఓడింది. కొలంబియా ఎన్ని కొడుతుందో లెక్కపెట్టుకోవడానికే చాలామంది టీవీ పెట్టుకున్నారు, అబద్ధమెందుకు, నేనూ అంతే.

కానీ మన పిల్లలు ఆడారు. ఊరికే అడ్డం పడటం కాదు, ఆడారు. గోల్‌లో ధీరజ్ సింగ్ ఒకటి ఆపాడు, రెండు ఆపాడు, ఇక లెక్కపెట్టడం మానేశాను. మొదటి సగం ముగుస్తుందనగా రాహుల్ కేపీ ఎడమకాలితో కొట్టిన బంతి పోస్టుకు తగిలి బయటికొచ్చింది. నాలుగు అంగుళాలు ఇటు పడి ఉంటే కథ వేరు. రెండో సగం మొదలవగానే కొలంబియా కుర్రాడు పెనలోజా గోల్ కొట్టాడు, 49వ నిమిషం. అయినా తలలు వేలాడేయలేదు. 82వ నిమిషంలో సంజీవ్ స్టాలిన్ కార్నర్ వేశాడు. మణిపూర్ కుర్రాడు జీక్సన్ సింగ్, ఆ పొడుగాటి మనిషి, గుంపులోంచి లేచి తల ఆనించాడు. బంతి నెట్‌లో పడింది. ఏ వయసు ఫిఫా ప్రపంచకప్‌లోనైనా ఇండియాకు అదే మొట్టమొదటి గోల్. స్టేడియంలో దాదాపు 48 వేల మంది. ఇక్కడ మా ఇంట్లో నేను సోఫా ఎక్కి అరిస్తే కింది పోర్షన్ ఆంటీ ఏమైందోనని పైకొచ్చింది. ఏమైందో ఆవిడకు చెబుతుండగానే రెండో గోల్ పడిపోయింది.

83వ నిమిషం. మళ్లీ పెనలోజాయే. 2-1. మ్యాచ్ అంతే.

మర్నాడు ఎక్కడ చూసినా ఒకటే పాట. ఓడినా మనసులు గెలిచారు, వీరోచిత పోరాటం, చరిత్ర సృష్టించారు. జీక్సన్ వాళ్లమ్మ కూరగాయలు అమ్మిన కథ, కెప్టెన్ అమర్‌జిత్ వాళ్లమ్మ చేపలు అమ్మిన కథ. ఆ తల్లులకు దణ్ణం పెడతాను, అది వేరే విషయం. కానీ మార్కెట్‌లో గంప గురించి రాసినవాళ్లలో ఒక్కరైనా ఆ ఒక్క నిమిషం గురించి రాశారా? నేను చూసినంతలో లేదు.

గోల్ కొట్టాక బంతి ఎవరికి వెళుతుంది? ఎదుటి జట్టుకు. కిక్‌ఆఫ్ వాళ్లది. 82 నిమిషాలు గోడకట్టి నిలబడ్డ పిల్లల గుండెలు గొంతులో కొట్టుకుంటున్నాయి, స్టేడియం ఊగిపోతోంది, ప్రతివాడికీ ఇంకోటి కొట్టాలనే ఉంది. అవతలివాళ్లకు మాత్రం ఒకటే పని, ఆ కాస్త ఖాళీ వెతుక్కోవడం. ధైర్యం చాలక పడిన గోల్ కాదది, ధైర్యం పొంగిపోయి పడిన గోల్. అలాంటప్పుడు నెమ్మదించడం ఎలాగో ఉపన్యాసాలతో రాదు, వందల మ్యాచ్‌లు ఆడితే వస్తుంది. మన పిల్లలు క్యాంపుల్లో ఉన్నారు, విదేశాలు తిరిగొచ్చారు, స్నేహపూర్వక మ్యాచ్‌లు బోలెడు ఆడారు. వారం వారం పాయింట్ల కోసం పళ్లు బిగబట్టి ఆడే లీగ్ ఏది వాళ్లకి?

ఒక్క మ్యాచ్ పట్టుకుని సాగదీస్తున్నానంటారేమో. మిగతా రెండూ చూడండి. అమెరికా మీద అన్వర్ అలీ కొట్టిన షాట్ క్రాస్‌బార్‌కు తగిలింది, అదే ఊపులో బంతి ఇటు తిరిగొచ్చి మూడో గోల్ పడింది. ఘనా మీద 4-0, అందులో చివరి రెండూ 86, 87 నిమిషాల్లో. మూడు మ్యాచ్‌ల్లోనూ ఉత్సాహం పొంగినప్పుడో, నీరసం కమ్మినప్పుడో గోడకు బీట పడింది. తిట్టడానికి చెప్పట్లేదు. పదిహేడేళ్ల పిల్లల ఆటను నిజంగా గౌరవిస్తే, ఆటగా చూసి మాట్లాడాలి. వీపు తట్టి పంపేయడం జాలి చూపించడమే, అది వాళ్లు అడగలేదు.

మెచ్చుకోవాల్సినవి లేవని కాదు. ఆ తర్వాత ఆ జట్టులో చాలామందిని ఇండియన్ ఆరోస్ అనే జట్టు పేరుతో ఐ-లీగ్‌లో, అంటే దేశంలోని క్లబ్బుల లీగ్‌లో, పెద్దవాళ్ల మీదికి దింపారు. అది మంచి పని. అందుకే దాన్ని 2022లో ఆపేశారు కాబోలు! అన్వర్ అలీకి 2019లో గుండె సమస్య బయటపడింది, ఇక ఆడొద్దన్నారు. కోర్టు దాకా వెళ్లి మరీ తిరిగొచ్చి, 2022లో హాంకాంగ్ మీద సీనియర్ జట్టుకు గోల్ కొట్టాడు. పట్టుదల అంటే నాకు గుర్తొచ్చేది ఇది, పత్రికల హెడ్డింగులు కాదు.

ఇక మన సంగతి. ఆ అండర్-17 జట్టు 21 మందిలో మణిపూర్ పిల్లలే ఎనిమిది మంది. తెలుగు రాష్ట్రాల నుంచి సున్నా. ఆరు నగరాల్లో టోర్నీ జరిగితే అందులో హైదరాబాద్ లేదు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో ఇండియాను నాలుగో స్థానం దాకా తీసుకెళ్లిన కోచ్ సయ్యద్ అబ్దుల్ రహీం మన హైదరాబాదీ. ఆ జట్టులో ఆడిన తులసీదాస్ బలరాం సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు. తమాషా ఏంటంటే, ఆ సెమీఫైనల్లోనూ యుగోస్లావియా మీద ముందు గోల్ కొట్టింది మనమే. నెవిల్ డిసౌజా కొట్టాడు. ఆ సంబరం తీరకముందే సమం చేసి, చివరికి 4-1తో గెలిచారు వాళ్లు. అంటే ఈ జబ్బు పాతదే. తేడా ఎక్కడంటే, రహీం సాబ్ "మనసులు గెలిచాం" అని కూర్చునే రకం కాదు. బడిపంతులుగా పనిచేసిన మనిషి కదా, లోపం కనిపిస్తే దానికో పరీక్ష పెట్టేవాడు. బలం లేని కాలితోనే ఆడాలని ఒక టోర్నమెంట్, డ్రిబ్లింగ్ (బంతిని కాళ్ల దగ్గరే ఉంచుకుని తోసుకెళ్లడం) కుదరదని ఇంకో టోర్నమెంట్. 1962లో ఆసియా క్రీడల బంగారు పతకం ఊరికే రాలేదు.

అది చదివాక నేనూ ఒకటి మొదలుపెట్టాను, మా కోచ్ నవ్వుకున్నా సరే. ప్రాక్టీస్‌లో గోల్ పడగానే ఈల. సంబరాలు లేవు. ఎదుటివాళ్లు వెంటనే ఆట మొదలుపెట్టాలి, ఆ తర్వాతి రెండు నిమిషాల్లో వాళ్లు కొడితే ఆ గోల్‌కి రెండు లెక్క. పిల్లలకు నా మొహం చూస్తే మండిపోతోంది. "ఇదేం రూల్ అన్నా, ఖుషీ గూడ కానియ్యవా" అని ఒకడు బూటు విసిరేశాడు.

నిన్న సాయంత్రం మావాళ్లు గోల్ కొట్టి అలవాటుగా గుంపు కట్టారు. నేను ఈల నోట్లో పెట్టుకునే లోపే వెనకనుంచి గోలీ బుడ్డోడి గొంతు: "అరేయ్, ఎగిరింది చాలు! ఎవని జాగల వాడు నిలవడుండ్రి, వాళ్లు వస్తుండ్రు!"