నలభై శాతం ఎవరిది? చదువు, జన్యువులు, పెంపకంపై వాదోపవాదం

చర్చాంశం: ఒక మనిషి ఎన్నేళ్లు చదువుకుంటాడన్నదాంట్లో జన్యువుల పాత్రే పెద్దది. వాది దీన్ని సమర్థిస్తున్నారు, ప్రతివాది ఖండిస్తున్నారు. ఇక్కడ చదువు అంటే పూర్తిచేసిన విద్యా సంవత్సరాలు. తెలివితేటలు, మార్కులు కావు.

వాది: కవలలతో మొదలుపెడతాను. సమరూప కవలల డీఎన్ఏ దాదాపు పూర్తిగా ఒకటే. అసమరూప కవలలకు, మామూలు తోబుట్టువుల్లాగే, సగటున సగం కలుస్తుంది. రెండు రకాల జంటలూ ఒకే కడుపున పుట్టి ఒకే ఇంట్లో పెరుగుతాయి. చదివిన ఏళ్ల విషయంలో మొదటి రకం జంటల మధ్య సహసంబంధం (పోలిక అసలే లేకపోతే 0, పూర్తిగా ఉంటే 1) 0.75, రెండో రకం జంటల మధ్య 0.55 వచ్చిందనుకోండి. తేడా 0.20. అది సగం జన్యువుల తేడావల్ల వచ్చింది కాబట్టి రెట్టింపు చేస్తే 0.40; అదే అనువంశికత, అంటే మనుషుల మధ్య తేడాల్లో జన్యువుల వాటా. 0.75లోంచి ఆ 0.40 తీసేస్తే మిగిలే 0.35 ఇద్దరికీ ఉమ్మడిగా దక్కిన ఇంటి వాతావరణం. చివరి 0.25 ఒక్కరికే తగిలిన అనుభవాలు, కొలతలో దొర్లిన తప్పులు. ఉదాహరణ కోసం చెప్పినా ఇవి గాలిలోంచి తీసిన అంకెలు కావు. పలు దేశాల కవలల అధ్యయనాలను కలిపి 2013లో లెక్కగడితే అనువంశికత 40 శాతం దగ్గర, ఉమ్మడి వాతావరణం 36 శాతం దగ్గర తేలాయి.

ప్రతివాది: అంటే 60 శాతం జన్యువులది కాదు. మీ లెక్కతోనే మీ పక్షం వీగిపోయింది కదండీ?

వాది: ఆ అరవైని ఒకే మూటగా కట్టకండి. అందులో పాతిక ఏమిటో ఎవరికీ పట్టుబడలేదు. విడివిడిగా చూస్తే అన్నిటికన్నా పెద్ద వాటా జన్యువులదే.

ప్రతివాది: 40కీ 36కీ మధ్య తేడాను చూపించి పెద్దది అంటున్నారు, సరే. ఈ పద్ధతిలో రెండు చోట్ల జాగ్రత్తపడాలి. మొదటిది, సమరూప కవలలను ఇల్లూ బడీ మరింత ఒకేలా చూస్తే మీ 0.20లో కొంత పెంపకానిది అవుతుంది, అనువంశికత అసలుకన్నా పెరిగి కనిపిస్తుంది. రెండోది మీకే లాభం, అయినా చెబుతాను. చదువుకున్నవాళ్లు చదువుకున్నవాళ్లనే పెళ్లాడతారు. దానివల్ల అసమరూప కవలలకు చదువుకు సంబంధించిన జన్యు తేడాల్లో సగంకన్నా ఎక్కువే కలుస్తుంది, వాళ్ల సహసంబంధం పెరుగుతుంది, అనువంశికత తగ్గి కనిపిస్తుంది. ఒక లోపం పైకి లాగితే ఇంకోటి కిందికి లాగుతోంది. అందుకే 40 అన్న అంకెను రాతిమీద గీతలా పట్టుకోకూడదు.

వాది: కవలలు వద్దంటే డీఎన్ఏనే నేరుగా చూద్దాం. 2013లో లక్షా పాతికవేల మందిని పరిశీలిస్తే చదువుతో ముడిపడిన స్థానాలు మూడంటే మూడు దొరికాయి. 2018లో 11 లక్షల మందితో 1,271, 2022లో 30 లక్షల మందితో 3,952. ఒక్కో తేడా ప్రభావం అతి చిన్నది, మధ్యస్థంగా 1.4 వారాల చదువు. కానీ జన్యుపటమంతటా ఉన్న తేడాలకు తలా ఒక బరువు ఇచ్చి కూడితే వచ్చే పాలీజెనిక్ స్కోరు, మనుషుల మధ్య చదువులో కనిపించే తేడాల్లో 12 నుంచి 16 శాతాన్ని వివరిస్తుంది. కవలల లెక్కను శంకించినా దీన్ని కాదనలేరు.

ప్రతివాది: అంకెను కాదనను. అది దేన్ని కొలుస్తోందన్నదే నా ప్రశ్న. ఐస్‌లాండ్‌లో 2018లో చేసిన పని చూడండి. అమ్మానాన్నల్లో ఒక్కొక్కరూ తమ జన్యువుల్లో సగమే బిడ్డకు ఇస్తారు. ఇవ్వని సగంతో కూడా స్కోరు కట్టారు. బిడ్డ ఒంట్లో లేని జన్యువులు బిడ్డ చదువును ఏమీ చేయకూడదు కదా? చేశాయి. సంక్రమించిన వాటి ప్రభావంలో దాదాపు 30 శాతం బలంతో చేశాయి. అవి పనిచేసింది తల్లిదండ్రుల మీద. వాళ్ల చదువు, సంపాదన, పిల్లల్ని పెంచే తీరు, వీటి గుండా బిడ్డను చేరాయి. డీఎన్ఏ పరీక్షలో అది జన్యు ప్రభావంగానే కనబడుతుంది, అసలుకు అది ఇల్లు.

వాది: 30 శాతం ఇంటిదైతే 70 శాతం బిడ్డదే.

ప్రతివాది: అంత తేలిగ్గా తీసివేత చేయకండి. ఒకే తల్లిదండ్రుల పిల్లల్ని పోల్చితే ఇల్లు, వంశం, ఊరు అన్నీ లెక్కలోంచి తప్పుకుంటాయి. ఎవరికి ఏ సగం వచ్చిందన్నది లాటరీయే. లక్షా డెబ్భై ఎనిమిది వేల మంది తోబుట్టువులతో 2022లో అలా చూస్తే చదువు మీద జన్యు ప్రభావాలు సుమారు సగానికి కుదించుకుపోయాయి. ఎత్తు విషయంలో తగ్గింది కొంచెమే. ఇక్కడ చాలామంది పొరబడే సంగతి ఒకటుంది: ప్రభావం సగమైతే, వివరించే తేడాల వాటా పావుకు పడిపోతుంది, ఎందుకంటే దాన్ని వర్గం చేయాలి. మీ 12, 16 శాతాలు 3, 4 శాతానికి దిగుతాయి. బ్రిటన్‌లో దత్తత వెళ్లినవాళ్లలోనూ ఇదే పోకడ: సొంత తల్లిదండ్రుల దగ్గర పెరిగినవాళ్లలో స్కోరు 7.4 శాతం వివరిస్తే, దత్తులలో 3.7.

వాది: సున్నా కాలేదని గమనించండి. ఇల్లు మారినా, అమ్మానాన్నలు మారినా సగం నిలిచింది. పైగా ఇప్పటి స్కోరు అసలు అనువంశికతను సగం కూడా పట్టుకోలేదు. అరుదైన తేడాలు దాని వలలో పడవు. చిన్న అంకెను చూసి జన్యువులు చిన్నవనుకోవడం పనిముట్టు మొద్దుదైతే పనిని తప్పుపట్టడమే.

ప్రతివాది: నిలిచింది, ఒప్పుకుంటాను. అయితే అది ఏ దారిన పనిచేస్తోంది? సామాజిక శాస్త్రవేత్త క్రిస్టఫర్ జెంక్స్ 1972లో ఒక ఊహ చేశాడు. ఎర్ర జుట్టు పిల్లల్ని బడికి రానివ్వని దేశం ఉందనుకోండి. అక్కడ ఎర్ర జుట్టు జన్యువులు చదవడం రాకుండా చేసే జన్యువులుగా తేలతాయి. లెక్కలో తప్పు ఉండదు. తప్పు బడి గుమ్మం దగ్గర ఉంటుంది.

వాది: ఊహ బాగుంది, కానీ దొరికిన జన్యువులు జుట్టువి కావు. చాలావరకు మెదడులో, నాడీకణాల మధ్య సంకేతాలు నడిపే పనిలో ఉన్నవి. మరోమాట, చదువుకు సంబంధించిన జన్యు తేడాల్లో 57 శాతం తెలివి పరీక్షల్లో కనబడే సామర్థ్యంతో సంబంధం లేనివని 2021లో తేలింది. పట్టుదల, రేపటి కోసం ఇవాళ్టి సరదాను వాయిదా వేయగలగడం లాంటివి ఆ పద్దులోకి వస్తాయి.

ప్రతివాది: ఆ గుణాలకు విలువ కట్టేది బడే. గంటలకొద్దీ కదలకుండా కూర్చోగలిగినవాడికి మార్కులిచ్చే బడిలో ఆ జన్యువులు గెలుస్తాయి. బడి తీరు మార్చండి, జాబితా మారుతుంది.

వాది: బడి తలుపులు బార్లా తెరిచినచోట ఏమైందో చూద్దామా? నార్వేలో 1940కి ముందు పుట్టినవాళ్ల చదువులో ఇంటి నేపథ్యం వాటా ఎక్కువ. తర్వాత పుట్టిన మగవాళ్లలో జన్యువుల వాటా 67 శాతం దాటింది. ఎస్టోనియాలో సోవియట్ కాలంతో పోలిస్తే ఆ తర్వాతి తరంలో అది దాదాపు రెట్టింపైంది. అవకాశాలు సమానమయ్యేకొద్దీ జన్యువుల తేడాలే బయటపడతాయి.

ప్రతివాది: అవే నా సాక్ష్యాలు కూడా! నార్వేలో ఒక తరంలోనే జన్యువులు మారిపోలేదు, విధానాలు మారాయి. ఆ అంకె మనుషుల లోపల కూర్చున్న స్థిరాంకమైతే కదలకూడదు. పైగా అదే నార్వే అధ్యయనంలో ఆడవాళ్లకు అలాంటి పెరుగుదల కనిపించలేదు. అదే జన్యువులు, అదే దేశం.

వాది: ఆడపిల్లలకు తలుపు ఆలస్యంగా తెరుచుకుంది. నేను చెప్పేదీ అదే.

ప్రతివాది: అయితే మీరు నా మాటే చెబుతున్నారు. ఇక పెంచడం సంగతి. ఫ్రాన్స్‌లో నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య దత్తత వెళ్లిన 65 మంది పిల్లల్ని 1999లో పరిశీలించారు. దత్తతకు ముందు అందరి ఐక్యూ, అంటే తెలివి పరీక్షలో వచ్చే అంకె, 86 లోపే. యుక్తవయసు వచ్చేసరికి పేద ఇళ్లకు వెళ్లినవాళ్లకు సగటున 8 పాయింట్లు, ఉన్నత స్థాయి ఇళ్లకు వెళ్లినవాళ్లకు 19.5 పాయింట్లు పెరిగాయి. చదువే తెలివిని పెంచుతుంది కూడా: ఆరు లక్షల మందికిపైగా ఉన్న 42 డేటా సమూహాలను కలిపి చూస్తే అదనంగా చదివిన ఒక్కో ఏడాదికి 1 నుంచి 5 పాయింట్లు. మీకు దారి తెలిసిన జన్యువు ఒక్కటీ అక్కర్లేకుండానే ఈ లాభం వచ్చింది.

వాది: లాభం అందరికీ వచ్చినా వరుసక్రమం మారకపోవచ్చు. సగటు పెరగడం వేరు, మనుషుల మధ్య తేడా వేరు. నా వాదన రెండోదాని గురించే. దిగువ అయిదో వంతు స్కోరు వాళ్లలో కాలేజీ పూర్తిచేసినవాళ్లు నూటికి పదీ పన్నెండు మంది, ఎగువ అయిదో వంతులో సగానికి పైగా. అమెరికా డేటా ఇది.

ప్రతివాది: గుంపుల సగటు అది. ఒక్క పిల్లవాడి దగ్గరికి రండి. చదివిన ఏళ్లలో ప్రామాణిక విచలనం, అంటే సగటు నుంచి మామూలుగా ఉండే దూరం, 3 ఏళ్లనుకుందాం. స్కోరు తెలియకపోతే మీ అంచనాలో తప్పు ఆ 3 ఏళ్లే. 13 శాతం వివరించే స్కోరు తెలిస్తే మిగిలేది 0.87, దాని వర్గమూలంతో గుణించాలి: 2.8 ఏళ్లు. డీఎన్ఏ కోసం ఉమ్మి పరీక్ష చేయించి తగ్గించుకున్న తప్పు రెండున్నర నెలలు. యూరప్ మూలాలు లేనివాళ్లలో అదీ ఉండదు. 2018 నాటి స్కోరు ఆఫ్రికన్ అమెరికన్లలో వివరించింది 1.6 శాతమే.

వాది: ఒక్కొక్క పిల్లవాడి జాతకం చెప్పడానికి దాన్ని వాడమని నేనూ అనను. పరిశోధనకు వాడాలంటాను. ఒక బోధనా పద్ధతి పనిచేస్తుందో లేదో తేల్చే ప్రయోగంలో స్కోరును కలిపితే, వివరించే వాటా 13 శాతమైతే, అవసరమయ్యే పిల్లల సంఖ్య కూడా సుమారు 13 శాతం తగ్గుతుంది. వెయ్యిమంది బదులు 870 మంది చాలు.

ప్రతివాది: గత ఏడాది మార్కులు కలిపితే? అవి ఈ ఏటి తేడాల్లో సగాన్ని వివరిస్తే 500 మంది చాలు, ఉమ్మి సేకరించే పనీ లేదు. మార్కులు చేతిలో ఉన్నప్పుడు స్కోరు అదనంగా చెప్పేది చాలా తక్కువని బ్రిటన్‌లోని బ్రిస్టల్ పిల్లల డేటాలో 2020లోనే తేలింది.

వాది: బడిలో చేరని మూడేళ్ల పిల్లలకు గత ఏడాది మార్కులు ఎక్కడినుంచి తెస్తారు?

ప్రతివాది: అమ్మానాన్నలు ఎంతవరకు చదివారో అడుగుతాను. ఇంటిదీ జన్యువులదీ రెండూ అందులోనే కలిసి ఉన్నాయని ఇందాక మనమే కదా తేల్చింది!